మట్టిమిద్దె దూలం ఎంత బరువు మోస్తుంది?

"దూలం ఇంత లావుగా ఉంది, ఉయ్యాల వేసుకుంటే ఏమవుతుందిలే" అని మా రాయలసీమ పల్లెల్లో చాలామంది అంటుంటారు. విన్న ప్రతిసారీ నాకు టెన్షనే, ఎందుకంటే ఆ దూలం ఖాళీగా లేదు, మిద్దె మీద పరిచిన టన్నుల మట్టిలో తన వాటా ఇప్పటికే మోస్తోంది.

లెక్క వేసి చూడండి. 10 అడుగులకు 12 అడుగుల గది, పైన 6 అంగుళాల మందాన మట్టీ, చౌడూ (వాన నీరు దిగకుండా మిద్దె మీద పోసే ఉప్పుమట్టి) అనుకుందాం. ఘనమీటరుకు 1,600 కిలోలు వేసుకున్నా మొత్తం సుమారు 2,700 కిలోలు. మిద్దె కారుతోందని వానల ముందు పాతది తీయకుండానే పైన కొత్త చౌడు పోస్తూ పోతారు చూడండి, అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఒక్క అంగుళం పెరిగితే ఆ గది మీద మరో 450 కిలోలు పడ్డట్టే, తడిస్తే ఇంకా ఎక్కువ. ముసురు పట్టినప్పుడు పాత మిద్దెలు కూలేది ఈ బరువుకూ, నాని మెత్తబడిన గోడలకూ.

ఇక ఉయ్యాల సంగతి. ఇద్దరు పెద్దవాళ్లు, బల్ల, గొలుసులు కలిపి 150 కిలోలు అనుకోండి. 45 డిగ్రీల దాకా ఊగితే, కిందికొచ్చిన క్షణంలో గొలుసుల మీద పడేది దాదాపు 240 కిలోలు. అదంతా దూలం నడిమధ్యన ఒకేచోట పడితే, పొడవునా పరిచిన బరువు కంటే రెట్టింపుగా వంచుతుంది. అంటే ఆ ఒక్క దూలం మీదే 480 కిలోల మట్టి కొత్తగా పోసినంత పని.

లావు ఒక్కటే చూడకండి. 4 అంగుళాలకు 8 అంగుళాల దూలాన్ని నిలువుగా పెడితే, పడుకోబెట్టినప్పటికంటే రెండింతలు మోస్తుంది. టేకైనా సరే, గోడలోకి దూరిన కొసలు చెమ్మకూ చెదలకూ ముందు పోతాయి, నడుమ మాత్రం గట్టిగానే కనిపిస్తుంది. గోడ దగ్గర ఆ కొసల్ని స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి, మెత్తగా దిగిపోతే ఆ దూలం కింద పడుకోవద్దు, వెంటనే కింద పోటు (ఆనుగా నిలబెట్టే గుంజ) పెట్టించండి. ఈ కొస నుంచి ఆ కొసకు దారం లాగి, నడుమ ఎంత వంగిందో కొలిచి రాసిపెట్టుకోండి. పాత కర్ర కొంత వంగి ఉండటం మామూలే, ఏటేటా ఆ వంపు పెరుగుతుంటేనే భయపడాలి.

చౌడు మార్చేటప్పుడు పాతది పూర్తిగా దింపించండి, కూలి ఎక్కువైనా పర్వాలేదు. ఉయ్యాల కావాలంటే నేల మీద నిలబడే ఇనుప స్టాండుదే తెచ్చుకోండి.