అమ్మలకు ఇంగ్లిష్ పాఠం: నేను రెండుసార్లు రాసుకున్న ప్లాన్

2022-23లో తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం మొదలైంది. మాది ఊరి ప్రైమరీ స్కూలు. పిల్లల గురించి టెన్షన్ పడ్డాం గానీ, తల్లిదండ్రుల సంగతి ఎవరికీ తట్టలేదు.

ఒకరోజు మూడో తరగతి పిల్లాడి తల్లి నోట్‌బుక్ పట్టుకొని వచ్చింది. ఎర్రపెన్నుతో నేను రాసిన ‘ఇన్‌కంప్లీట్’ మీద వేలు పెట్టి, “మంచిగ రాసినవని మేడం రాసిందని మా పోరడు చెప్తుండు. నిజమేనా మేడం?” అంది. నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. ఆ ఒక్క ముక్క తెలుగులో రాస్తే ఏం పోయేది నాకు?

సరే, శనివారం సాయంత్రాలు అమ్మలకు ఇంగ్లిష్ చెబుదామనుకున్నా. టీచర్ ట్రైనింగ్ కోర్సు డీఎడ్‌లో నేర్చినట్టే గడులు గీసి లక్ష్యాలు, బోధనోపకరణాలు, మూల్యాంకనం అన్నీ రాసుకున్నా. మొదట ఏబీసీడీ, తర్వాత ‘ఐ యామ్’, ‘యూ ఆర్’. మొదటి వారం పద్నాలుగు మంది వచ్చారు, రెండో వారం ఐదుగురు. పత్తి ఏరే రోజులు, పొద్దంతా వంగి వంగి నడుములు పడిపోయి ఉంటాయి. కానీ అసలు కారణం ఒకామె మొహమాటం లేకుండా చెప్పేసింది. “హౌ ఆర్ యూ అని మమ్మల్ని ఎవరడుగుతరు మేడం?”

ఆ ప్లాన్ చించేశాను. ఇంట్లో ఇంగ్లిష్ అక్షరాలున్న కాగితం ఏదున్నా తెమ్మన్నాను. కరెంటు బిల్లు, విత్తనాల ప్యాకెట్, ప్రోగ్రెస్ కార్డు, సగం వాడిన జ్వరం గోళీల షీటు వచ్చాయి. షీటు మీద ‘ఈఎక్స్‌పీ’ పక్కన 11/22 అని ఉంది. అది మందు గడువు, మొదటి అంకె నెల, రెండోది సంవత్సరం అని చెప్పాను. షీటు తెచ్చినామె వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. అప్పటికి సంక్రాంతి దాటింది. ఏమీ అనకుండా షీటు నలిపి కొంగులో ముడేసుకుంది.

కొత్త ప్లానంతా ఆ కాగితాల్లోంచే తీశా. ఆబ్సెంట్, సైన్, హాలిడే, టుమారో లాంటివి నలభై మాటలు. గ్రామర్ జోలికి పోలేదు. రోజు కూడా మార్చి, మహిళా సంఘం మీటింగ్ అయ్యాక అరగంట పెట్టుకున్నాం.

అన్నిటికంటే పనికొచ్చింది మాత్రం ఆ ఏడాది వచ్చిన పాఠ్యపుస్తకాలే. వాటిలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. పిల్లవాడు ఇంగ్లిష్ చదువుతుంటే తల్లి తెలుగు వైపు చూస్తూ “దీని మతలబేంది?” అని అడగాలి. అంతే హోంవర్కు. వాళ్లు ఇంగ్లిష్ చదవక్కర్లేదు, పిల్లల్ని కూర్చోబెట్టి అడిగితే చాలు.

ముగ్గురికి తెలుగు చదవడమే రాదు. వాళ్లకు ఈ పద్ధతి అక్కరకు రాలేదు, నా ప్లాన్‌లో వాళ్ల గురించి ఒక్క గడి కూడా లేదు. “ముందుగాల నా పేరు రాసుడు నేర్పుండ్రి” అంది వాళ్లలో పెద్దామె. వాళ్ల ముగ్గురికీ పలకలు తెచ్చి విడిగా మొదలుపెట్టాను.

మార్చిలో ఆ మూడో తరగతి పిల్లాడి నోట్‌బుక్‌లో మళ్లీ ‘ఇన్‌కంప్లీట్’ రాయాల్సి వచ్చింది. కావాలనే ఇంగ్లిష్‌లో రాశా. మర్నాడు దాని కింద పెన్సిల్‌తో, వంకర అక్షరాల తెలుగులో ఉంది: “మేడం, పొద్దున కూసోబెట్టి రాయించిన. చూడుండ్రి.”