ఇల్లు చూడాల్సింది రాత్రి పూట

ఫ్యాక్టరీలు మూతపడి జనం వలసపోయిన ఊళ్ళో ఇంకా మనుషుల్ని తీసుకుంటున్నది ఆసుపత్రే. నాకూ అక్కడే ఉద్యోగం వచ్చింది. అద్దెలు చవకే, టెన్షనల్లా ఎక్కడ ఉండాలన్నదే. శివార్లు ప్రశాంతమే గానీ, ఆన్‌కాల్‌లో ఫోన్ మోగితే అరగంటలో వార్డులో ఉండాలి. "డ్యూటీ దిగే టైముకి వెళ్ళి వీధి చూడండి మేడమ్" అంది ఓ సీనియర్ నర్సు.

వెళ్ళాను. మ్యాపులో దగ్గరగా కనిపించిన వీధిలో సగం దీపాలు వెలగవు. పక్కిల్లు ఖాళీ, కిటికీలకు చెక్కలు కొట్టేశారు. అలాంటి ఇంట్లో మంట రేగితే ముందు అంటుకునేది మనదే. రెండు వీధుల అవతల మాత్రం గుమ్మం గుమ్మానికీ లైటు, పూలకుండీలు, ఆ వేళప్పుడు కుక్కని తిప్పుతున్న ఓ పెద్దాయన. "ఇక్కడందరివీ సొంతిళ్ళే, ఎవరూ కదల్లేదమ్మా" అన్నారు. అద్దె కాస్త ఎక్కువే, అయినా అక్కడే అడ్వాన్స్ ఇచ్చేశాను. పగలు నడిచే వెళ్తా, నైట్ షిఫ్టులకి మాత్రం కారే.