బార్ మిట్జ్వాకు ఎంత చదివించాలి?

న్యూజెర్సీలో యూదు కుటుంబాలు ఎక్కువగా ఉన్న ఊళ్ళలో, పిల్లలు ఏడో తరగతికి వచ్చేసరికి తెలుగు ఇళ్ళకు కూడా అబ్బాయిల బార్ మిట్జ్వా, అమ్మాయిల బాట్ మిట్జ్వా ఆహ్వానాలు రావడం మొదలవుతుంది. అబ్బాయికి పదమూడేళ్ళు, అమ్మాయికి పన్నెండో పదమూడో నిండినప్పుడు, ఇకపై ధర్మాచరణకు తమదే బాధ్యత అని పిల్లలు పెద్దల సమక్షంలో నిలబడే సందర్భమది. సాధారణంగా శనివారం ఉదయం సినగాగ్‌లో, అంటే యూదుల ప్రార్థనా మందిరంలో, తమ పవిత్ర గ్రంథమైన తోరాలోని ఆ వారపు భాగాన్ని హీబ్రూలో రాగయుక్తంగా చదువుతారు. తోరా రాసి ఉన్న తోలు చుట్టలో అచ్చుల గుర్తులు గానీ, స్వరాల గుర్తులు గానీ ఉండవు కాబట్టి, చూసి చదవడమంటే దాదాపు కంఠతా పట్టినట్టే. నెలల తరబడి సాధన చేస్తే తప్ప రాదు. వేదపఠనం విన్న చెవులకు ఆ శ్రమ ఎటువంటిదో వేరే చెప్పనక్కరలేదు.

ఇక కానుక మాట. హీబ్రూ అక్షరాలకు సంఖ్యా విలువలున్నాయి. జీవమనే అర్థమిచ్చే మాటలోని రెండక్షరాల విలువ కలిపితే 18 వస్తుంది. అందుకే 36, 54, 72, 108, 180 ఇలా పద్దెనిమిది చొప్పున పెంచుకుంటూ డాలర్లు ఇవ్వడం ఆనవాయితీ. నూట పదహార్లు చదివించే అలవాటున్న మనకు ఇందులో వింతేమీ తోచదు. విజయవాడ నుంచి వచ్చిన మా మామగారైతే, సంగతి వినగానే, "వెయ్యి నూట పదహార్లు పెట్టండి, ఇంకేం ఆలోచించకండి" అని తేల్చేశారు. మా అమ్మాయి ఫోనులో భాగించి చూస్తే 1,116 సరిగ్గా అరవై రెండు పద్దెనిమిదులు! అయితే ఆయన లెక్క రూపాయల్లో, చెక్కు రాయాల్సింది డాలర్లలో కనుక, ఇరుపక్షాలకూ సమ్మతమైన 108 దగ్గర ఆగాము.

మా ఇంట్లో పాటించే పద్ధతి ఇది: తరగతి స్నేహితుడు మా పిల్లను మాత్రమే పిలిస్తే 36 గానీ 54 గానీ, కుటుంబమంతటినీ పిలిస్తే 108 నుంచి 180 వరకు, మా ఇంట్లోనే తిరుగుతూ పెరిగిన పిల్లలైతే ఇంకొంత. విందుకు తలకు ఎంతవుతుందో ఊహించి, మనుషుల సంఖ్యతో హెచ్చవేసి ఇవ్వాలనే వాదన మనవాళ్ళలో తరచుగా వినిపిస్తుంది గానీ, అది నాకు ఏనాడూ నచ్చలేదు. ఆ లెక్కన హోటల్లో ఆర్భాటంగా చేసినవారి బిడ్డకు ఎక్కువా, సినగాగ్ కింది హాలులో బేగెల్స్, చేపలు పెట్టి ముగించినవారి బిడ్డకు తక్కువా ముట్టాలి. చదివిన చదువు మాత్రం ఇద్దరిదీ ఒక్కటే. మన పెళ్ళిళ్ళలో చదివింపుల పుస్తకం తిరగేసి, వాళ్ళు పెట్టినదానికి సరిగ్గా సరితూచే పెద్దలున్నారు కనుక, ఈ జబ్బు మనకు ఇక్కడికి వచ్చాక అంటుకున్నదని కూడా అనలేను.

ఒకే తీరు స్నేహాలకు ఒకే మొత్తం ఇవ్వడం మేలు, ఎందుకంటే సోమవారం బస్సులో పిల్లలు ఈ సంగతులన్నీ చెప్పుకుంటారు. అమ్మాయి అయితే కొంచెం తగ్గించవచ్చా అని ఒకావిడ నన్ను అడిగారు. 1922 మార్చి 18న న్యూయార్క్‌లో రబ్బీ (యూదు మతగురువు) మొర్దెకై కప్లాన్ తన కూతురు జూడిత్‌కు జరిపించిన బాట్ మిట్జ్వాను అమెరికాలో మొదటిదిగా చెబుతారు. ఆడపిల్లలకు ఆ వేదిక అంత ఆలస్యంగా దక్కిన తరువాత, మనం మళ్ళీ కవరులో కోత పెట్టడమెందుకు?

మా అమ్మాయి తన పాకెట్ మనీలోంచి ఒక పద్దెనిమిది వేస్తుంది, మిగిలినది మేము కలుపుతాము, కార్డు మాత్రం తనే రాస్తుంది. డబ్బంతా మా చేతి మీదుగానే వెళితే, స్నేహితుడికి ఏమిచ్చిందో కూడా పిల్లకు తెలియదు.

ఆచారం గట్టిగా పాటించే కుటుంబాలు శబ్బత్ నాడు, అంటే శనివారపు విశ్రాంతి దినాన, డబ్బు ముట్టవు. కాబట్టి శనివారం ఉదయం కవరు పట్టుకుని సినగాగ్‌కు వెళ్ళకూడదు. ముందే పోస్టులో పంపవచ్చు, లేదా సూర్యాస్తమయం దాటి చీకటిపడ్డాక జరిగే విందులో ఇవ్వవచ్చు. చెక్కు తల్లిదండ్రుల పేరున కాక, బ్యాంకు ఖాతాలో ఉన్నట్టుగా బిడ్డ పూర్తి పేరున రాయాలి. చాలామంది అందులో కొంత భాగాన్ని పిల్లల చేతనే దానధర్మాలకు ఇప్పిస్తారు, మిగిలినది కాలేజీ చదువుకు దాస్తారు.