అర పాయింటు గొడవ

ఆదివారం. పొద్దున్నించీ ముసురు వదల్లేదు. గంట స్తంభం దాకా వెళ్లి అక్కకి మందులు తెచ్చేసరికి ప్యాంటు మోకాళ్ల దాకా తడిసింది. మధ్యాహ్నం తొమ్మిదో తరగతి లెక్కల పేపర్లు ముందేసుకుని కూర్చున్నాను. మేనల్లుడు మంచమ్మీద బోర్లా పడుకుని ఫోన్లో ఫార్ములా వన్ కార్ల రేసుల క్లిప్పులు చూస్తున్నాడు. కరెంటు పోయింది, కాసేపటికి వాడి ఫోనూ చచ్చింది. ఇక నా మీద పడ్డాడు.

"2025లో ఏడాది రేసులన్నీ కలిపితే ఛాంపియన్ నోరిస్‌కి 423, రెండోవాడు వెర్‌స్టాపెన్‌కి 421. రెండే పాయింట్లు మావయ్యా! ఇంతకన్నా టైటు ఇంకేటుంటాది?"

నేనప్పుడే ఒక పిల్లాడి పేపరు దిద్దుతున్నాను. స్టెప్పులన్నీ రైటే, ఆఖర్న మైనస్ గుర్తు మింగేశాడు. అర మార్కు కోశాను. "అరతో పోయినోడున్నాడ్రా," అన్నాను.

1984. నికీ లౌడా, అలాన్ ప్రోస్ట్ ఇద్దరూ మెక్‌లారెన్ జట్టు డ్రైవర్లే. ప్రోస్ట్ ఏడు రేసులు గెలిచాడు, లౌడా ఐదే. ఆఖరి రేసు పోర్చుగల్లో ఎస్టొరిల్. అక్కడికొచ్చేసరికి లౌడా 66, ప్రోస్ట్ 62.5. అప్పట్లో గెలిస్తే తొమ్మిది, రెండో స్థానానికి ఆరు. ప్రోస్ట్ గెలిచాడు. లౌడా పదకొండో స్థానం నుంచి బయల్దేరి ఒక్కొక్కరినీ దాటుకుంటూ పోయాడు. రెండో స్థానంలో ఉన్న మాన్సెల్ కారుకి బ్రేకుల సమస్య రావడంతో ఆ చోటు లౌడాకి దొరికింది. టైటిల్ లౌడాదే, 72కి 71.5.

మేనల్లుడు లేచి కూర్చున్నాడు. "ఆ అర ఎక్కడిది?"

మొనాకోది. జూన్ 3న అక్కడ కుండపోత. ప్రోస్ట్ ముందున్నాడు, వెనకాల టోల్‌మన్ కారులో కొత్త కుర్రాడు సెన్నా తరుముకొస్తున్నాడు. 31 ల్యాపులు (ట్రాకు చుట్లు) అయ్యాక రేసు ఆపేశారు. గెలుపు ప్రోస్ట్‌దే, కానీ పూర్తి దూరం నడవలేదు గనక సగం పాయింట్లే: నాలుగున్నర. రేసు చివరిదాకా సాగి, సెన్నా దాటేసి, ప్రోస్ట్ రెండోవాడిగా వచ్చి ఉంటే ఆరు. ఛాంపియన్ అయ్యేవాడు. ఇదంతా కరెంటు బిల్లు వెనక్కి తిప్పి రాసి చూపించాను. గెలిచినందుకు నష్టపోవడమంటే వాడికి ఎంతకీ మింగుడు పడలేదు.

నా ఓటు మాత్రం లౌడాకే. 1979లో మానేసి, 1982లో మళ్లీ వచ్చి, తనకన్నా వేగంగా తోలే కుర్రాణ్ణి పక్కన పెట్టుకుని నెగ్గడమంటే మాటలా? ప్రోస్ట్‌కి 1985లో టైటిలొచ్చింది, అదో ఊరట.

కానీ 1988 సంగతి వేరు. దాన్ని నేనూ సమర్థించలేను. ప్రోస్ట్ మొత్తం 105 సంపాదించాడు, సెన్నా 94. అయితే ఆ రోజుల్లో ప్రతి డ్రైవరుకీ మెరుగైన 11 ఫలితాలే లెక్క. కోతలన్నీ పోగా ప్రోస్ట్‌కి 87, సెన్నాకి 90, టైటిల్ సెన్నాకే. సెన్నా ఎనిమిది రేసులు గెలిచాడు, నిజమే. అయినా రెండో స్థానాలు చెమటోడ్చి తెచ్చుకున్నవి కావా?

"ఇదేటి లెక్క మావయ్యా! ఇప్పుడూ ఇలాగేనా?"

"1991 నుంచీ తీసేశారు."

కరెంటొచ్చింది. వాడు ఫోను ఛార్జింగుకి పెట్టి, పాత పద్ధతిలో అయితే 2025 ఎవరికొచ్చేదో తేలుస్తానంటూ నా ఎర్ర పెన్ను లాక్కుపోయాడు. పేపర్లింకా సగం మిగిలే ఉన్నాయి.