ఎత్తు పెంచిన పికప్‌కు ఏ హిచ్ తగినది

చేవెళ్ల దగ్గర మా చిన్నాన్నకు ఉన్న మామిడి తోటకు నెలకు రెండు మూడుసార్లు హైదరాబాదు నుంచి పికప్‌కు ట్రాలీ తగిలించుకుని వెళ్తుంటాను. కలుపు తీసే యంత్రం, మందు కొట్టే పంపు, రెండు నీళ్ల డ్రమ్ములు, ఎరువు బస్తాలు అన్నీ కలిపి ట్రాలీ బరువు కాటా మీద 900 కిలోల దాకా తూగుతుంది. తోటలోకి వెళ్లే దారిలో బండి అడుగు రాళ్లకు తగులుతోందని నిరుడు సస్పెన్షన్‌ను 50 మిల్లీమీటర్లు పెంచి, పెద్ద టైర్లు వేయించాను. టైర్ల వల్ల మరో 30 మిల్లీమీటర్లు కలిసి బండి మొత్తం 80 మిల్లీమీటర్లు లేచింది. అయితే వెనకనున్న హిచ్ (ట్రాలీని తగిలించే ఇనుప అమరిక) కూడా అంతే ఎత్తుకు లేచిందన్న సంగతి నేను గాని, ఆ పని చేసిన గ్యారేజీ వారు గాని పట్టించుకోలేదు.

మొయినాబాద్ దాటాక, మర్రిచెట్ల నీడలో 60 వేగంతో వెళ్తున్నప్పుడు ఎదురుగా ఒక లారీ దూసుకుపోయింది. ఆ గాలికి ట్రాలీ తోక ఒక్కసారి ఎడమకు, వెంటనే కుడికి ఊగింది, ఆ పైన ప్రతి ఊపూ ముందటి ఊపు కంటే పెద్దదైంది. బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్ మీది కాలు తీసి, స్టీరింగును తిన్నగా పట్టుకుని ఉన్నందువల్ల వేగం తగ్గి ఊపు ఆగింది. పక్కన ఆపి దిగి చూస్తే, పలుపు పట్టి లాగితే మొండికేసిన దూడలా ట్రాలీ మూతి పైకెత్తి నిలబడి ఉంది.

తోటకు చేరాక చిన్నాన్న దాన్ని ఒక్కసారి చూసి, "నొగలు లేస్తున్నయి గదరా, ఎనక మొగ్గుంది" అన్నాడు. ఎడ్లబండి తోలినవారికి ఇది పాఠం చెప్పనక్కరలేని విషయం. బరువు వెనక్కి పోతే కాడి ఎద్దుల మెడ మీద నుంచి పైకి లేస్తుంది, బండి అదుపు తప్పుతుంది. ట్రాలీ ముందు భాగం హిచ్ మీద మోపే బరువు కూడా సరిగ్గా అదే పని చేస్తుంది. మొత్తం బరువులో అది 10 నుంచి 15 శాతం ఉండాలన్నది సాధారణంగా పాటించే లెక్క, అంటే నా ట్రాలీకి 90 నుంచి 135 కిలోలు. ఇంట్లో మనుషులు తూచుకునే యంత్రాన్ని కప్లర్ (హిచ్ మీది బాల్ అనే ఇనుప గుండును పట్టుకునే ట్రాలీ మూతి) కింద చెక్క దిమ్మ మీద పెట్టి, ఆ రోజు ఉన్న ఎత్తులోనే చూస్తే 40 కిలోలే వచ్చింది. ఒంటి ఇరుసు ట్రాలీ మూతి పైకి లేస్తే, ఇరుసుకు పైన ఉన్న సరుకు భారమంతా వెనక్కి జరుగుతుంది, ముందు మోపు ఆ మేరకు తగ్గుతుంది. డ్రమ్ములను ముందుకు జరిపాను గాని, ఎత్తు సరిచేయకుండా సరుకు జరపడం సగం మందే.

కాబట్టి హిచ్ కొనే ముందు కొలత తీసుకోవాలి, అదీ దుకాణంలో కాక ఇంటి ముందు చదును నేల మీద. ట్రాలీలో మామూలుగా వేసే సరుకు వేసి, తాపీ మేస్త్రీ దగ్గర ఉండే రసమట్టం దాని అంచు మీద పెట్టి, జాకీతో సరిగ్గా సమంగా నిలిపి, నేల నుంచి కప్లర్ అడుగు అంచు దాకా టేపుతో కొలిచాను. అది 430 మిల్లీమీటర్లు వచ్చింది. బండి వెనక హిచ్ దూర్చే రిసీవర్ గొట్టం లోపలి పై అంచు 575 దగ్గర ఉంది. తేడా 145. ట్రాలీ మోపు పడ్డాక బండి వెనక భాగం 20 మిల్లీమీటర్లు కుంగుతుందని మనిషిని, బస్తాలను ఎక్కించి చూసి తెలుసుకున్నాను, కనుక నాకు కావలసిన దింపు, అంటే రిసీవర్ కంటే బాల్ కిందికి ఉండాల్సిన ఎత్తు, 125, అంటే 5 అంగుళాల లెక్క. ఈ కుంగుబాటును లెక్కలోకి తీసుకోకుండా కొన్నవారికి ట్రాలీ మూతి కిందికి వాలుతుంది.

ఇక్కడ ఒక తప్పు చాలామంది చేస్తారు. దింపు ఎక్కువున్న హిచ్ ఎలాగైనా పనికొస్తుందని 8 అంగుళాలది, 10 అంగుళాలది కొనేస్తారు. దింపు పెరిగిన కొద్దీ రిసీవర్ మీద మెలి పెరుగుతుంది. నా ట్రాలీకి సొంత బ్రేకులు లేవు. నేను గట్టిగా బ్రేకు వేసినప్పుడు 900 కిలోల ట్రాలీ సుమారు 4,500 న్యూటన్ల బలంతో బాల్‌ను ముందుకు నెడుతుంది. ఆ బాల్ అవసరానికి మించి మరో 80 మిల్లీమీటర్లు కిందికి దిగితే రిసీవర్‌ను మెలితిప్పే బలంలో 360 న్యూటన్-మీటర్ల తేడా వస్తుంది, అంటే ఒక మీటరు గడ్డపలుగు చివర 36 కిలోలు వేలాడదీసినంత. బ్రేకు వేసినప్పుడల్లా ఒక వైపు, వేగం పెంచినప్పుడల్లా రెండో వైపు ఈ మెలి పడుతూ ఉంటే, ముందుగా అలిసేది వెల్డింగ్ కట్టే. అందుకే కావలసినంత దింపే తీసుకోవాలి, ఒక్క అంగుళం కూడా అదనంగా వద్దు. నగరంలోని ఒక దుకాణంలో, ఉన్న దింపు లేని హిచ్‌కే ఇనుప పట్టీ వెల్డింగ్ చేసి కిందికి దింపి ఇస్తామన్నారు. ధర మూడో వంతే. సామర్థ్యం ఎంతని అడిగితే "లారీని కూడా లాగుతుంది" అన్నారు. అంకె చెప్పలేని వస్తువు మీద నా వెనక వచ్చే మోటార్ సైకిళ్లవారి ప్రాణాలు ఆధారపడేలా చేయలేనని చెప్పి వచ్చేశాను.

అంకె తప్పనిసరిగా ఉండాలి. రిసీవర్, హిచ్ పట్టీ, బాల్, కప్లర్ వేటి సామర్థ్యం వాటి మీదే చెక్కి ఉండాలి, వాటిలో అతి తక్కువ అంకే మొత్తం అమరికకు హద్దు. ఐరోపా పద్ధతి వస్తువుల మీద డి-విలువ అని, అది తట్టుకోగల లాగుడు బలం కిలోన్యూటన్లలో ఉంటుంది. బండి, ట్రాలీలకు అనుమతించిన గరిష్ఠ బరువులను టన్నులలో గుణించి, ఆ రెండింటి మొత్తంతో భాగించి, 9.81తో గుణిస్తే కావలసిన విలువ వస్తుంది. 3 టన్నుల బండి, 1 టన్ను ట్రాలీ అయితే 7.36. హిచ్ మీది అంకె దీని కంటే ఎక్కువ ఉండాలి.

బాల్ కొలత విషయంలో నేను ఇంకా భయపడుతూనే ఉంటాను. ఐరోపా, ఆస్ట్రేలియా పద్ధతి బాల్ 50 మిల్లీమీటర్లు, అమెరికా పద్ధతిది 2 అంగుళాలు, అంటే 50.8. కంటికి రెండూ ఒకటే. నా ట్రాలీ కప్లర్ మీద 2 అంగుళాలని ఉంది, నాకు అంటగట్టిన బాల్ 50. దారంతా టక్కుటక్కుమన్నది ఆ తేడాయే. వర్నియర్ కాలిపర్‌తో కొలిచాకే నమ్మాను. ఇప్పుడు తగిలించి గొళ్లెం వేశాక జాకీతో కప్లర్‌ను పైకి లేపి చూస్తాను. బండి వెనక భాగం కూడా దానితో పాటు లేవాలి, కప్లర్ ఒక్కటే లేస్తే బయలుదేరను. భద్రతా గొలుసులు రెండూ కప్లర్ కింద అడ్డంగా దాటించి కట్టాలి, అప్పుడు కప్లర్ ఊడినా మూతి రోడ్డును తాకకుండా ఉయ్యాలలో పడ్డట్టు ఆగుతుంది. ఎత్తు పెంచిన బండికి పాత గొలుసులు పొట్టివవుతాయి, మలుపులో బిగుసుకుంటున్నాయేమో చూసుకోవాలి.

వానాకాలంలో పొలం గట్టున ఎవరి బండి దిగబడినా నా దగ్గరికి వచ్చి, టోచన్ వేయడానికి బాల్‌కు బెల్టు తగిలించమంటారు. నేను ఒప్పుకోను. బాల్ దొర్లే బరువును లాగడానికి చేసినది. జర్కుతో లాగితే దాని కాడ తెగి, బాల్ బెల్టుతో పాటు తుపాకీ గుండులా ఏ అద్దంలోకైనా దూసుకొస్తుంది, అలా మనుషులు చనిపోయారు కూడా. లాగడానికి చాసిస్‌కు బిగించిన, సామర్థ్యం రాసిన కొక్కెం వేరే ఉండాలి.

చట్టం సంగతి కూడా దాచకుండా చెప్పాలి. తయారీదారు నిర్ణయించిన మూల స్వరూపానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ను వివరిస్తూ సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. నేను ఎత్తు పెంచినప్పుడు ఈ సంగతి తెలుసుకోకపోవడం నా తప్పు. టైర్లను ఇప్పటికే అసలు కొలతకు మార్చేశాను, సస్పెన్షన్ కూడా ఈ వేసవిలో వెనక్కి మారుస్తున్నాను. అప్పుడు కొలతలన్నీ మళ్లీ మొదటి నుంచి తీసుకుని, 5 అంగుళాల దింపు స్థానంలో దానికి తగిన చిన్నది కొనాలి.

తోట నుంచి తిరిగి వచ్చాక చేసే చివరి పని ఒకటుంది. మెహదీపట్నం రద్దీలో బండికి బెత్తెడు దూరంలో స్కూటర్లు ఆగుతాయి. సరిగ్గా మోకాలికింద తగిలే ఎత్తులో ఆ ఇనుప బాల్ పొడుచుకుని ఉంటుంది. కొందరు వెనక బంపరుకు రక్షణ అని ఏడాదంతా దాన్ని అలాగే ఉంచుతారు గాని, వెనక నుంచి గుద్దినప్పుడు ఆ దెబ్బ బంపరులో నలగకుండా నేరుగా చాసిస్‌కు పోతుంది. నేను ఇంటికి చేరగానే క్లిప్పు తీసి, పిన్ను లాగి, హిచ్‌ను గుడ్డతో తుడిచి సీటు వెనక పెట్టెలో పెట్టి, రిసీవర్ గొట్టానికి రబ్బరు మూత వేసి లోపలికి వెళ్తాను.