గాలి ఒప్పుకుంటేనే పడవ: బాహాలో నాన్నతో

మెక్సికో వెళ్తున్నామంటే ఇక్కడి మనవాళ్లు అడిగేది ఒకటే: కాంకూనా, కాబోనా? మేం లా పాజ్ అనేసరికి ఒకాయన, బొలీవియా దాకా ఎందుకండీ అన్నాడు. ఆ లా పాజ్ కాదు. శాన్ డియేగోలో ఉండే మాకు ఇది ఒకరకంగా పక్క ఊరు. సరిహద్దు దాటగానే మొదలయ్యే బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పం 1,200 కిలోమీటర్లకు పైగా సన్నగా కిందికి సాగుతుంది. పడమర పసిఫిక్, తూర్పున కోర్టెజ్ సముద్రం, మధ్యలో ఎడారి. దక్షిణపు కొసకు కాస్త ముందు, తూర్పు తీరాన ఉంటుంది ఈ లా పాజ్. కాబో రిసార్టుల హోరు నచ్చేవాళ్లు కాబోకే వెళ్లండి, నేనేం అనను. జంతువుల్ని చూడాలంటే మాత్రం ఈ ఊళ్లో దిగాలి.

ఫిబ్రవరిలో వెళ్లాం. నేను, మా ఆయన, మా అమ్మాయి, అనంతపురం నుంచి మా దగ్గరికి వచ్చిన నాన్న. ఆ నెలలో గ్రే వేల్స్ అనే తిమింగలాలు, వేల్ షార్కులు, సీ లయన్లు (నీటి సింహాలు) మూడూ ఒకే ప్రయాణంలో దొరుకుతాయి. అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే ఇండియన్ పాస్‌పోర్టుకు మెక్సికో వీసా అక్కర్లేదు కాబట్టి నాన్న విజిటర్ వీసా సరిపోయింది. హెచ్1బీ స్టాంపింగ్ గడువు దాటినవాళ్లు మాత్రం తిరిగి రావడం సంగతి లాయర్‌ని అడిగాకే టికెట్లు కొనండి. శాన్ డియేగో వైపు కారు పార్క్ చేసి, సరిహద్దు మీద కట్టిన సీబీఎక్స్ వంతెన నడిచి దాటితే నేరుగా తిహువానా ఎయిర్‌పోర్టులోకి వెళ్తాం. అక్కణ్ణుంచి లా పాజ్‌కి మామూలు డొమెస్టిక్ ఫ్లైట్.

దిగగానే నాన్న మొదటి మాట: "ఇంత సముద్రం పెట్టుకొని ఒక్క చెట్టు లేదేంది పాపా?"

చెట్లున్నాయి, అన్నీ ముళ్లవే. లా పాజ్‌లో ఏడాది మొత్తానికి 200 మిల్లీమీటర్ల వాన కూడా పడదు, అదీ ఎక్కువగా ఆగస్టు, సెప్టెంబరు తుఫాన్లప్పుడే. కరువు సీమ అని పేరుపడ్డ మా అనంతపురానికే అంతకు రెట్టింపు పైన పడుతుంది. ఈ లెక్క చెప్పాక నాన్న ఆ నేలను చాలా గౌరవంగా చూడటం మొదలుపెట్టారు. రోడ్డు పక్కన కార్డోన్ అనే కాక్టస్‌లు ఉంటాయి. ప్రపంచంలోకెల్లా ఎత్తైన కాక్టస్ జాతి ఇదే, 18 మీటర్ల దాకా పెరుగుతుంది. కాండం నిలువునా మడతలు మడతలుగా ఉంటుంది. వాన పడ్డప్పుడు ఆ మడతలు విచ్చుకుని నీళ్లు నింపుకుంటాయి, ఎండాకాలంలో మళ్లీ ముడుచుకుంటాయి. నాన్న కారు ఆపించి దిగి, ఒకదాని మడతల మధ్య ముల్లు తగలకుండా వేలు పెట్టి చూశారు. ఇక నోపాల్ అంటే మన చేలగట్ల మీద ఉండే నాగజెముడే. ఆ జాతి పుట్టిల్లే అమెరికా ఖండం. ముళ్లు గీకేసి, ముక్కలు కోసి, ఉల్లిపాయతో వేయించి టాకోలో పెట్టిస్తారు. బెండకాయలా జిగురు, కొంచెం పులుపు. "కంచెను కూర చేసుకున్నారు" అంటూ నాన్న మూడో టాకో కూడా తిన్నారు.

మొదటి పడవ ప్రయాణం రద్దయింది. శీతాకాలంలో ఉత్తరం నుంచి నోర్తె అనే గాలి దిగుతుంది. అది జోరుగా ఉంటే పోర్టు అధికారి రేవు మూసేస్తారు, చిన్న పడవలేవీ కదలకూడదు. ఎంత డబ్బు కట్టినా, ఎంత దూరం నుంచి వచ్చినా అంతే. మా అమ్మాయి మొహం ముడుచుకుంది, నాకేమో బుకింగుల టెన్షన్. నాన్న ఒక్కరే హాయిగా కాఫీ తాగుతున్నారు. "వానకోసం నెలలు చూసినోళ్లం, గాలికి ఒక పూట చూడలేమా" అన్నారు. బాహాకి వెళ్లేవాళ్లు ప్లానులో ఖాళీ పూటలు ఉంచుకోండి. నోర్తె వచ్చిందంటే అవే ఆదుకుంటాయి.

ఆ ఖాళీలోనే బలాంద్రా చూశాం. ఊరికి ఉత్తరాన, కొండల మధ్య ఒదిగిన లోతు తక్కువ ఖాతం. రక్షిత ప్రాంతం కాబట్టి జనాన్ని లెక్కపెట్టి, పొద్దున ఒక విడత, మధ్యాహ్నం ఒక విడతగా వదులుతారు. పొద్దున విడత కావాలంటే గేటు తీయకముందే కార్ల క్యూలో ఉండాలి. నాన్నకు ఈత రాదు. సముద్రమంటే ఆయనకు ఒడ్డున ప్యాంటు మడిచి నిలబడటమే. ఇక్కడ నీళ్లు మోకాళ్ల దగ్గర మొదలై, ఎంత దూరం వెళ్లినా నడుము దాటవు. ఇసుకలో తోకకు ముల్లుండే టేకు చేపలు (స్టింగ్‌రేలు) దాక్కుంటాయి, అడుగు ఎత్తి వేయకుండా కాళ్లు ఈడుస్తూ నడిస్తే అవే పక్కకి తప్పుకుంటాయని చెప్పారు. చెప్పులు చేతిలో పట్టుకుని, మనవరాలి భుజం ఆసరాగా, కాళ్లీడ్చుకుంటూ నాన్న ఖాతం అవతలి ఒడ్డుదాకా వెళ్లారు. మధ్యలో ఒకసారి ఆగి, నీళ్లలోకి వంగి తన కాలివేళ్లను తేరిపార చూసుకున్నారు. అంత స్పష్టంగా కనిపిస్తున్నాయి మరి.

గాలి తగ్గాక వేల్ షార్క్ వంతు. ప్రపంచంలోకెల్లా పెద్ద చేప. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరంలో వలకు చిక్కితే తిరిగి సముద్రంలోకి పంపించారే, ఆ జాతే. లా పాజ్ ఖాతానికి వచ్చేవి ఎక్కువగా పిల్లలు. పిల్లలంటే ఐదారు మీటర్లు! అనుమతి ఉన్న పడవలే వెళ్లాలి, అవీ వంతులవారీగా. గైడుతో పాటు కొద్దిమందే నీళ్లలో దిగాలి, ముట్టుకోకూడదు. నీళ్లు పాచితో ఆకుపచ్చగా మసకగా ఉంటాయి, ఆ పాచిలోని ప్లాంక్టనే, అంటే నీళ్లలో తేలే సూక్ష్మజీవులే, దానికి తిండి. మొదట ఏమీ కనపడలేదు. ఉన్నట్టుండి చెయ్యి చాపేంత దూరంలో తెల్ల చుక్కలు, ఆ వెనక మొప్పల ఐదు చీలికలు తెరుచుకుంటూ మూసుకుంటూ, కడుపు కింద అతుక్కుని ఒక చిన్న చేప. తోక దాటిపోయేసరికి నేను ఊపిరి బిగబట్టి ఉన్నానని తెలిసింది.

ఎస్పిరితు సాంతో దీవి చివరనున్న లోస్ ఇస్లోతెస్ రాళ్ల దగ్గర సీ లయన్ల గోల వేరే. పిల్లలు మన చుట్టూ గిరికీలు కొడతాయి, మా అమ్మాయి ఈత ఫిన్ కొరికి చూసింది ఒకటి. జూన్ నుంచి ఆగస్టు దాకా ఈనే కాలం కాబట్టి అక్కడ ఈతకు దిగనివ్వరు. మా ఆయన ఒక రోజు కాబో పుల్మో అనే పల్లెకి డైవింగ్‌కి వెళ్లొచ్చాడు. చేపలు తరిగిపోయాక ఊరి జాలరి కుటుంబాలే పట్టుబట్టి 1995లో అక్కడ నేషనల్ పార్క్ పెట్టించుకున్నాయి. 1999 నుంచి 2009 మధ్య అక్కడి చేపల మొత్తం బరువు 460 శాతానికి పైగా పెరిగిందని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు.

నాన్న అసలు ప్రయాణం మాత్రం పసిఫిక్ వైపు, మాగ్దలేనా ఖాతానికి. ఎడారి రోడ్డు, వంకలు రోడ్డు మీదుగా పారే పల్లాలు. రాత్రి మాత్రం నడపొద్దు, ఆవులు రోడ్డు మీదే ఉంటాయి. అలాస్కా అవతలి చల్లటి సముద్రాల నుంచి వేల కిలోమీటర్లు ఈదుకుంటూ గ్రే వేల్స్ ఈ ఖాతాలకు ఈనడానికి వస్తాయి. 1850ల్లో వేటగాళ్లు పిల్లల్ని గాయపరిచి తల్లుల్ని రప్పించేవాళ్లు. తల్లులు తిరగబడి పడవలు పగలగొడితే వాటికి దెయ్యపు చేపలని పేరు పెట్టారు. ఇంకా ఉత్తరాన సాన్ ఇగ్నాసియోలో ఫ్రాన్సిస్కో మయోరాల్ అనే జాలరి 1972లో, పడవ దగ్గరకు వచ్చిన వేల్‌ను భయపడకుండా ముట్టుకున్నాడు. జాలర్ల భయం అక్కణ్ణుంచే తగ్గిందంటారు. అక్కడే తలపెట్టిన పెద్ద ఉప్పు ఫ్యాక్టరీని 2000లో ప్రభుత్వం మానుకుంది.

"అంటే ఉప్పు కంటే చేపే మేలనుకున్నారు" అన్నారు నాన్న.

"తాతా, అది చేప కాదు, పాలిస్తుంది" అంది అమ్మాయి.

పడవాయన ఇంజన్ తగ్గించాడు. తల్లీపిల్లా పది గజాల దూరంలో తేలాయి. తల్లి వీపు నిండా అతుక్కున్న తెల్లటి గవ్వపురుగులు (బార్నకిల్స్), వాటి మధ్య పాకుతున్న పేలు కూడా కనిపించాయి. తర్వాత బుస్సుమని ఊదింది. ఆ తుంపర మొత్తం నాన్న కళ్లద్దాల మీద పడింది. ఎంత కంపో చెప్పలేను. ఆయన భుజం మీది టవలుతో అద్దాలు తుడుచుకుని, "తల్లి ఆశీర్వాదం" అని నవ్వి, పడవాయనతో తెలుగులోనే ఏదో చాలాసేపు మాట్లాడారు. ఆయనా స్పానిష్‌లో జవాబిచ్చాడు. ఇద్దరికీ పిల్లలెందరో, వాళ్లేం చేస్తున్నారో అర్థమైపోయినట్టే ఉంది.

మేలో మొబ్యులా అనే టేకులు గుంపులు గుంపులుగా నీళ్లలోంచి ఎగురుతాయట, మా అమ్మాయికి అవి చూడాలి. నాన్న రారు. వేరుశనగ విత్తే వేళకు ఊళ్లో ఉండాలట.