మాస్టర్ బాత్రూమ్ మార్చాలంటే ముందు కమోడ్ సంగతి తేల్చండి

బాత్రూమ్ పగలగొట్టి కొత్తగా చేయించాలనుకున్నవాళ్లు చాలామంది ముందు టైల్స్ చూస్తారు. ఆ తర్వాత కుళాయిలు. ఏది ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న ప్లంబర్ పనిలోకి దిగిన రోజున వస్తుంది. నిజానికి అదే మొదటి ప్రశ్న, దానికి సమాధానం నేల కింద ఉన్న మురుగు పైపు దగ్గరుంది. నీళ్ల పైపును గోడలో ఎటైనా తిప్పుకోవచ్చు, ఒత్తిడి ఉంటుంది కాబట్టి పైకి కూడా ఎక్కుతుంది. మురుగు మాత్రం వాటం ఉంటేనే కదులుతుంది.

కమోడ్ నుంచి వచ్చే 110 మి.మీ. పైపుకు 1:40 వాటం, అంటే 40 మి.మీ. పొడవుకి 1 మి.మీ. దిగుడు, ఉంటే నిశ్చింత. 1:60 కంటే తగ్గించొద్దు. ఇప్పుడు లెక్క చూడండి. కమోడ్‌ని పాత చోటు నుంచి 2 మీటర్లు జరిపితే ఆ దూరానికి పైపు 50 మి.మీ. దిగాలి. పైపు మందం 110. దాని పైన కాంక్రీటు, టైల్ గమ్, టైల్ కలిపి ఇంకో 50 నుంచి 60. అంటే స్లాబు మీద కనీసం 210 నుంచి 220 మి.మీ. లోతు దొరకాలి, బెండ్ దగ్గర ఇంకాస్త ఎక్కువే. బాత్రూమ్ స్లాబును కిందికి దించి కట్టిన ఇళ్లలో ఆ లోతు ఉంటుంది. లేనిచోట బాత్రూమ్ నేల మొత్తాన్ని ఎత్తు చేసి గుమ్మం దగ్గర మెట్టు పెట్టేస్తుంటారు. ఆ మెట్టు పెట్టించుకోకండి. నిద్రమత్తులో రాత్రి లేచినవాళ్లకి, వయసు పైబడినవాళ్లకి అదొక ప్రమాదం.

లోతు లేకపోయినా కమోడ్ జరపాల్సిందే అనుకుంటే ఇంకో దారి ఉంది. గోడకు వేలాడే కమోడ్‌కి మురుగు నేలలోంచి కాకుండా వెనక నుంచి పోతుంది, ఆ రంధ్రం మధ్యభాగం పూర్తయిన నేలకు సుమారు 220 మి.మీ. ఎత్తులో ఉంటుంది. దాని ఫ్రేమ్ కోసం ఎలాగూ ఒక చిన్న అడ్డుగోడ కడతారు కాబట్టి, పైపును నేల పగలగొట్టకుండా ఆ గోడ లోపలే వాటంతో నడిపించవచ్చు. నిలువు పైపులో ఆ ఎత్తున కలపడానికి వీలుందో లేదో మాత్రం ముందే చూసుకోవాలి. మలుపు తిప్పేచోట ఒక 90 డిగ్రీల బెండ్ బదులు రెండు 45లు వేయించండి. అడ్డుపడేది ఎప్పుడూ ఆ మూలలోనే.

వేలాడే కమోడ్ పెడితే బోలెడు చోటు మిగులుతుందన్న నమ్మకం మాత్రం సగమే నిజం. ఫ్లష్ ట్యాంకు అసలు గోడలోకి దూరదు, ఫ్రేముతో కూడిన అడ్డుగోడ టైలుతో కలిపి 150 నుంచి 200 మి.మీ. ముందుకొస్తుంది. దాని మీద కమోడ్ ఇంకో 500 పైచిలుకు. మొత్తం కలిపితే మామూలు కమోడ్ ఆక్రమించే 700కి దగ్గర్లోనే తేలుతుంది. దాని అసలు లాభం కింద తుడవడం తేలిక కావడం.

కొలతలు ఎప్పుడూ టైల్ ముఖం నుంచి వేయాలి, ఇటుక గోడ నుంచి కాదు. ప్లాస్టరింగ్, గమ్, టైల్ కలిపి ఒక్కో గోడ దగ్గర 25 నుంచి 40 మి.మీ. పోతుంది. ఎక్కువగా దెబ్బతినేది నేలకి బిగించే కమోడే. కొన్న మోడల్‌కి వెనక గోడ నుంచి మురుగు రంధ్రం మధ్యకి 300 మి.మీ. ఉండాలనుకుందాం. ప్లంబర్ ప్లాస్టరింగ్ నుంచి 300 కొలిచి పైపు పెట్టేశాడు. తర్వాత గమ్, టైల్ 20 తినేశాయి, మిగిలింది 280. వెనక ట్యాంకు గోడకి తగిలి కమోడ్ వెనక్కి పోదు, కింద రంధ్రం పైపు మీదికి రాదు. అందుకే కమోడ్ మోడల్ ఖాయమై, దాని కొలతల కాగితం చేతికొచ్చేదాకా ఆ పైపు బిగించనివ్వకండి. 100, 225, 300 అని రకరకాల కొలతలతో మోడళ్లు ఉంటాయి.

ఒక ఉదాహరణ గీద్దాం. ఇటుక నుంచి ఇటుకకి 2460 × 1710 మి.మీ. గది. గోడకి 30 చొప్పున తీసేస్తే చేతిలో మిగిలేది 2400 × 1650. తలుపు పొట్టి గోడలో ఉంది. దానికి ఎదురు చివర, గది వెడల్పంతా షవర్‌కి వదలండి: లోతు 900, దాని ముందు 10 మి.మీ. గాజు. అక్కడి నుంచి ఒకే పొడుగు గోడ వెంట కమోడ్‌కి 800, అంటే మధ్యగీతకి అటూ ఇటూ 400. తలుపు వైపున మిగిలిన 690 వాష్‌బేసిన్‌కి. కమోడ్ 700 ముందుకొస్తే దాని ఎదుట 950 ఖాళీ. బేసిన్ గట్టు 480 లోతుదైతే దాని ఎదుట 1170. కమోడ్ మధ్య నుంచి పక్కగోడకి 380 కనీసం, 450 సుఖం. ఎదుట కనీసం 530 ఉండాలి, 750 ఉంటే మోకాళ్లు తగలవు. షవర్ 760 × 760కి తగ్గితే మోచేతులు గోడకి కొట్టుకుంటాయి, 900 × 900 ఉంటే హాయి. ఇద్దరికీ రెండు బేసిన్లు కావాలంటే మధ్యకీ మధ్యకీ 750 కనీసం, 900 ఉంటే మంచిది. ఈ ఉదాహరణ గదిలో అది కుదరదు. బలవంతంగా ఇరికించే బదులు ఒకే బేసిన్ పెట్టి పక్కన వస్తువులు పెట్టుకోవడానికి గట్టు ఉంచడం మేలు.

తలుపు బయటికి తెరుచుకునేలా గానీ, జారేలా గానీ ఉంటే మంచిది. లోపల ఎవరైనా పడిపోతే లోపలికి తెరుచుకునే తలుపుకి మనిషే అడ్డు అవుతారు. గోడలోకి జారే తలుపైతే ఆ గోడలో పైపులు, స్విచ్ బోర్డులు పెట్టడం కుదరదని గుర్తుంచుకోండి.

షవర్‌లో వేడినీళ్లు, చన్నీళ్లు కలిపే మిక్సర్‌ని తల మీద షవర్ ఉన్న గోడకే బిగించేయడం అలవాటైపోయింది. దాన్ని లోపలికి అడుగుపెట్టే వైపు, నేల నుంచి 1000 నుంచి 1100 ఎత్తులో పెట్టించండి. బయట నిలబడి తిప్పి, నీళ్లు వేడెక్కాక లోపలికి వెళ్లొచ్చు. గోడలో దాగే మిక్సర్ బాడీ మీద కనిష్ఠ, గరిష్ఠ లోతు గీతలుంటాయి. టైల్ ముఖం ఆ రెంటి మధ్యకి రావాలి. మరీ లోపలికి పోతే పైన హ్యాండిల్ అందదు, మరీ బయటికి వస్తే పైన కప్పే బిళ్ల గోడకి ఆనదు. గాడి కొట్టేటప్పుడే టైల్ ముక్క, గమ్ మందం పెట్టి చూసుకుంటే తేలిపోయే పని ఇది. టైల్స్ అతికాక మాత్రం గోడ పగలగొట్టాలి.

షవర్ నేలకి మీటరుకి 20 మి.మీ. వాటం కావాలి. మిగతా నేలకి 10 చాలు, అదీ షవర్ వైపే వాలాలి. మధ్యలో గుండ్రటి జాలీ పెడితే నేల నాలుగు వైపుల నుంచి వాలాలి కాబట్టి పెద్ద టైల్స్‌ని కోయక తప్పదు. చిన్న పలకలైతే ఒదుగుతాయి. పెద్ద టైల్సే కావాలంటే గోడ వారగా పొడవాటి జాలీ పెట్టి ఒకే వైపు వాటం ఇప్పించండి. జాలీ కింద ఉండే ట్రాప్‌లో నీళ్లు 50 మి.మీ. నిలవాలి, దుర్వాసనని ఆపేది ఆ నీళ్లే. రోజూ నీళ్లు పడని చోట ట్రాప్ పెడితే అది ఎండిపోయి గది కంపు కొడుతుంది. బేసిన్ నీళ్లు ఆ ట్రాప్‌లోకే కలిపితే ఆ బెడద ఉండదు.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ షవర్ దగ్గర, తలుపుకి దూరంగా ఉండాలి. గంటకి 85 ఘనపు మీటర్ల గాలి లాగేది ఈ సైజు గదికి సరిపోతుంది. తలుపు కింద 15 నుంచి 20 మి.మీ. సందు లేకపోతే లోపలికి గాలి రాదు, ఫ్యాన్ ఊరికే తిరుగుతుంది. గీజర్‌కి విడి లైను, మొత్తం బాత్రూమ్‌కి కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ బ్రేకర్ తప్పనిసరి. సాకెట్ షవర్‌కి ఎంత దూరంలో ఉండాలో మీ ప్రాంతపు విద్యుత్ నిబంధన చూసి గీయండి. ఇప్పుడు అవసరం లేకపోయినా కమోడ్ పక్కన, షవర్‌లో పట్టుకునే కడ్డీలకి 850 నుంచి 900 ఎత్తులో గోడని గట్టిగా నింపించండి. బోలు ఇటుకల్లో మేకులు నిలవవు.

కాగితం మీద పైనుంచి చూసే బొమ్మ ఒక్కటే చాలదు. నాలుగు గోడలకీ నాలుగు బొమ్మలు గీసి ప్రతి పాయింట్‌కీ నేల నుంచి ఎత్తు, మూల నుంచి దూరం రాయండి. ఎత్తులన్నీ పూర్తయిన నేల నుంచే. ఆ మట్టం గీత పని మొదలుపెట్టేనాడే నాలుగు గోడల మీదా కొట్టించాలి. తర్వాత గదిలో చాక్‌పీస్‌తో కమోడ్, బేసిన్, షవర్ గాజు గీసి, కమోడ్ ఉన్నచోట కుర్చీ వేసుకుని కూర్చోండి. లేచి తిరగండి, తలుపు తీసి మూయండి.

పైపులు బిగించాక, గోడలు మూయకముందే, రోజూ వాడే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లతో పరీక్షించండి. వాటర్‌ప్రూఫింగ్ నేలంతా, గోడల మీదికి 300, షవర్ గోడలకైతే 1800 వరకు ఎక్కాలి. జాలీలు మూసి 24 నుంచి 48 గంటలు నీళ్లు నిలబెట్టి కింద చెమ్మ చూడండి. టైల్స్ మొదలుపెట్టే ముందు ప్రతి గోడకీ ఎదురుగా నిలబడి, టేపు ఆనించి పట్టి ఫొటోలు తీసుకోండి. తర్వాత అద్దానికో కడ్డీకో గోడకి రంధ్రం వేయాల్సి వస్తే పైపు ఎక్కడుందో ఆ ఫొటోలే చెబుతాయి.